ఐదు గంటలే కదా

కదిరిలో ఎవరినైనా అడగండి, కువైట్ ఎంత దూరమని. కిలోమీటర్లలో ఒక్కరూ చెప్పరు. "ఐదు గంటలేప్పా" అంటారు. టీ అంగట్లో కూర్చున్నవాడిదీ అదే మాట, పాస్‌పోర్టు ఫొటోలు తీసేవాడిదీ అదే మాట. మొదటిసారి ఇల్లు దాటే ఆడమనిషిని బుజ్జగించడానికీ, వెనక ఉండిపోయేవాళ్ళ నోరు మూయించడానికీ ఊరంతటికీ ఆ ఒక్క మాటే దొరికింది. నా పేరు కుళ్ళాయప్ప. కదిరి నుంచి బెంగళూరు విమానాశ్రయానికి బాడుగ కారు తోలుతాను. నా ముందు ఎవరైనా ఆ మాట అంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే దాదాబీ సంగతి చెప్పాలి.

దాదాబీది మా వీధే. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి గొర్రెల బేరమని సంతలు పట్టుకు తిరిగేవాడు, ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. ఆమెను పెంచింది అక్క మస్తాన్‌బీ. అక్క కూడా అప్పటికి చిన్నపిల్లే. చంకలో చెల్లెల్ని వేసుకుని షావుకారు మల్లికార్జునయ్య మండీకి చెనిక్కాయలు ఒలవడానికి పోయేది. విత్తనం కాయను మా వైపు మిషన్లో వేయరు, పప్పు చిట్లితే మొలకెత్తదు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేత్తో ఒలవాల్సిందే. పొద్దుగూకేసరికి బొటనవేళ్ళు మండిపోతుంటాయి. దాదాబీకి కాస్త వయసొచ్చి తనూ గంప ముందేసుకుని కూర్చున్నాక, మేస్త్రీ అటు తిరిగినప్పుడల్లా అక్క తన పప్పులోంచి దోసెడు తీసి చెల్లెలి గంపలో పోసేదట. ఈ సంగతి నాకు దాదాబీయే చెప్పింది, ఒక్కసారి కాదు, నా బండి ఎక్కిన ప్రతిసారీ చెప్పింది.

పెళ్ళయింది. మొగుడు లారీ మీద పోయేవాడు. బళ్ళారిలో ఇంకో సంసారం పెట్టుకుని ఇటు రావడం మానేశాడు. దాదాబీ బట్టల మూట పట్టుకుని అక్క ఇంటికే తిరిగొచ్చింది. అక్కకూ మొగుడు లేడు, పోయాడు. ఒక కొడుకు, అజ్మతుల్లా, అప్పుడు బడికి పోతున్నాడు. ఆడవాళ్ళిద్దరూ మళ్ళీ గంపల ముందు కూర్చున్నారు. కానీ గంపల్లోకి కాయ రావాలి కదా. మా నేల సంగతి తెలిసిందే. ఒక ఏడు వాన మొహం చాటేస్తే రెండో ఏడు వస్తుందని చూస్తాం, రెండో ఏడూ రాకపోతే మూడో ఏడు అప్పు చేసి బోరు వేస్తాం, బోరులోంచి దుమ్ము లేస్తుంది. చేలల్లో కాయ లేక మండీ మూతపడింది. మస్తాన్‌బీకి షుగరు, కాళ్ళు వాచేవి. ఇద్దరిలో ఒకరు కువైట్‌కు ఇంటిపనికి పోవాలంటే చెల్లెలే పోవాలి.

మొదటిసారి పంపడానికి నా బండిలోనే వచ్చారు. గోరంట్లలో టీకి ఆపితే మస్తాన్‌బీ గ్లాసు చేత్తో పట్టుకుని, "ఎంత దూరముంటాదప్పా ఆ ఊరు?" అని నన్ను అడిగింది. నేను చెప్పేలోపే కొడుకు అందుకున్నాడు.

"ఐదు గంటలేమ్మా. తిరపతికి బస్సులో పోయినంతసేపు."

ఆ మాటతో ఆమె మొహం తేటపడింది. తిరుపతి ఆమెకు తెలుసు, పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే ఊరు. విమానాశ్రయం దగ్గర చెల్లెల్ని పట్టుకుని, "నాకేమన్నా అయితే వచ్చి నా మొగం చూసి పో. నువ్వు చూసినంకనే నేను మట్టిలోకి పోతా" అంది. నవ్వుతూనే అంది. దాదాబీ మాత్రం నవ్వలేదు. "వస్తా. ఐదు గంటలే కదా" అని చెప్పి లోపలికి పోయింది.

విమానానికి ఐదు గంటలు కూడా పట్టదు, ఆ మాట నిజమే. మూడున్నర వేల కిలోమీటర్లు ఒక కునుకు తీసేలోపు దాటేస్తుంది. కానీ ఆ ఐదు గంటలు విమానానివి, మనిషివి కావు. దాదాబీ పాస్‌పోర్టు పనిచేసే ఇంటి మేడమ్ బీరువాలో ఉండేది. ఆ బీరువా తలుపు తెరుచుకోవడానికి మొదటిసారి మూడేళ్ళు పట్టింది. అప్పుడొచ్చి ఒక నెల ఉండి పోయింది. తర్వాత మళ్ళీ మూడేళ్ళు. అజ్మత్ పెళ్ళికి రావాలనుకుంది, మేడమ్ కూతురి పురుడు అడ్డమొచ్చింది. అక్క కాలి వేలు తీసేసినప్పుడు రావాలనుకుంది, అప్పుడు రంజాన్ నెల, ఆ ఇంట్లో వంటకు మనిషి కావాలి. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఆ ఐదు గంటల పాటే పాడుతుండేవాళ్ళు, వినలేక నేను చెవులు మూసుకోవాలి.

తను రాలేదు గానీ తన వస్తువులు వచ్చేవి. దాని సంగతి చెప్పకపోతే ఈ కథ తెలియదు. కువైట్‌లో మా వైపు వాళ్ళ మధ్య ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ఇంటికి బయలుదేరినా తక్కినవాళ్ళు తలా ఒక పార్సెల్ తెచ్చి చేతిలో పెడతారు. సబ్బులు, పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, పిల్లల బూట్లు. పోయేవాళ్ళు కాదనకూడదు. విప్పి చూడకూడదు. విప్పితే నమ్మలేదని అర్థం. ఊళ్ళో దిగాక ముందు ఆ పార్సెళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి, ఆ తర్వాతే తమ ఇంట్లో కాళ్ళు కడుక్కుంటారు. ఎవరైనా మోయనన్నారా, వాళ్ళ పార్సెల్‌ను ఇక జన్మలో ఎవరూ ముట్టరు. షుగరు కాళ్ళకు మెత్తటి చెప్పులు, నొప్పులకు తైలం, చలికాలానికి దుప్పటి, అన్నీ అట్లా ఎవరెవరి చేతులమీదుగానో దాదాబీ నుంచి మస్తాన్‌బీకి చేరాయి. ఆ చెప్పులు వేసుకుని మస్తాన్‌బీ వీధిలో నడుస్తుంటే, "కువైట్ కాళ్ళొస్తాండాయి" అని మేము ఆటపట్టించేవాళ్ళం.

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం మస్తాన్‌బీ అన్నం ముందు కూర్చుని పక్కకు ఒరిగిపోయింది. ఆసుపత్రికి నా బండిలోనే వేసుకుని పోయాం. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు.

అజ్మతుల్లా అక్కడే నిలబడి కువైట్‌కు ఫోన్ చేశాడు. ఆ మేడమ్ ఎట్లాంటి మనిషో మాకు తెలుసు కాబట్టి మేమెవరమూ ఆశ పెట్టుకోలేదు. కానీ ఆ రోజు ఆమెకు ఏమనిపించిందో, తనే బీరువా తెరిచి పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. ఆమె కొడుకు ఆ రాత్రి విమానానికే టికెట్ తీశాడు. అన్నేళ్ళూ అడ్డం పడినవాళ్ళు ఆ పూట దారి ఇచ్చారు. తెల్లారేసరికి దాదాబీ బెంగళూరులో దిగుతుంది, అక్కడి నుంచి నా బండి మూడు గంటలు.

అజ్మత్ మసీదుకు పోయి ఇమాం సాబ్‌ను అడిగాడు. మట్టి ఇవ్వడం ఆలస్యం చేయకూడదు, ఎండాకాలం, అని ఆయన అన్నాడు. అది వాళ్ళ పద్ధతి.

"మా చిన్నమ్మకు మాటిచ్చింది మా అమ్మ. రాత్రికి ఎక్కితే ఐదు గంటల్లో దిగుతాది హజరత్. చూడండి కావాలంటే" అని వాడు ఫోనులో విమానం టైము చూపించాడు. ఆయన చూసి, కాసేపు ఆలోచించి, మరుసటి రోజు మధ్యాహ్నం జొహర్ నమాజు దాకా ఆపుదామన్నాడు. ఐసు పెట్టె తెప్పించారు.

నేను కోడికూతకు ముందే బయలుదేరి పోయి విమానాశ్రయం బయట నిలబడ్డాను. విమానం సరిగ్గా టైముకే దిగింది. దాదాబీ ఫోన్ చేసింది.

"దిగినా అన్నా. పెట్టె రాంగానే వచ్చేస్తా. అక్కను ఎత్తలేదు గదా?"

"లేదు తల్లీ. నీకోసమే ఉండారు. బిరీన రా."

అంతే. ఆ తర్వాత ఫోను మూగబోయింది. ఆ విమానంలో వచ్చినవాళ్ళు బండ్లు తోసుకుంటూ బయటికి వచ్చారు, మాలలు వేయించుకున్నారు, పోయారు. తర్వాతి విమానం వాళ్ళూ వచ్చారు, పోయారు. ఎండ నెత్తికెక్కింది. నేను వాకిట్లో ఉన్న సెక్యూరిటీ ఆయన్ని బతిమాలాను, లోపల చూసి రమ్మని. ఆయన టికెట్ లేనివాళ్ళకు ఏమీ చెప్పకూడదన్నాడు. జొహర్ నమాజు టైము దాటిపోయింది. అజ్మత్ ఫోన్ల మీద ఫోన్లు.

"అన్నా, చిన్నమ్మ యాడుండాది?"

"లోపలే ఉండాది రా. బయటికి రాలేదు."

"దిగి ఇంతసేపాయ గదన్నా. ఈడ కరెంటు పోయింది. పెద్దోళ్ళు అరుస్తాండారు."

"ఇంకొంచేపు ఆపు."

"ఎంతసేపన్నా?"

విమానం ఎంతసేపటికి వస్తుందో ఫోను చెప్తుంది. ఆ గాజు తలుపుల అవతలి నుంచి మనిషి ఎంతసేపటికి బయటపడుతుందో చెప్పే ఫోను లేదు. ఆపమని అజ్మత్‌తో అంటూనే ఉన్నాను, నా మాట మీద నాకే నమ్మకం లేదు. కరెంటు రాలేదు. సాయంత్రం అసర్ నమాజు కాగానే ఇమాం సాబ్ ఇక ఆపడం చనిపోయిన మనిషికే అన్యాయమని చెప్పేశాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి కూడా లేదు.

మళ్ళీ ఫోను మోగింది. అజ్మతే.

"అన్నా, ఎత్తుతాండాం. చిన్నమ్మ ఫోను కలవడం లేదు. నీకు వీడియో చేస్తాండా. ఎట్లన్నా చేసి ఆమెకు మొగం చూపించన్నా."

"నన్ను లోపలికి రానీరు రా."

"ఎట్లన్నా చేయన్నా" అని పెట్టేశాడు.

వీడియో వచ్చింది. తెల్లగుడ్డ అంచు కనిపించగానే నేను కళ్ళు తిప్పేసుకున్నాను. చనిపోయిన ఆడమనిషి ముఖాన్ని వాళ్ళు పరాయి మగవాళ్ళకు చూపించరు. రోజూ వీధిలో పలకరించిన మనిషే అయినా, కఫన్ తొడిగాక నేను పరాయివాణ్ణే. చూడాల్సిన మనిషి లోపల ఉంది. ఏం చేయాలో తోచక ఫోనును ఆ గాజు తలుపుల వైపు తిప్పి, రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకున్నాను. ఫోనులోంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. జనం నన్ను వింతగా చూస్తూ పోతున్నారు. సెక్యూరిటీ ఆయన పరుగున వచ్చాడు.

"ఏయ్, ఈడ వీడియో తీయకూడదు."

"తీయడం లేదు సార్. చూపిస్తాండా."

"ఎవరికి?"

గాజు తలుపుల్లో ఎండ తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆయన నా మొహం చూశాడు, ఫోనులో ఏడుపు విన్నాడు, ఏమనుకున్నాడో గానీ పక్కకు పోయి నిలబడ్డాడు. కాసేపటికి వీడియో ఆగిపోయింది. దాన్ని ఎక్కడా దాచుకోలేదు ఎవరూ. అట్లా దాచుకోవడం కూడా వాళ్ళలో ఒప్పుకోరు.

పొద్దు వాలాక దాదాబీ బయటికి వచ్చింది. పెట్టె లేదు, చేతిసంచి ఒక్కటే. జుట్టు చెదిరిపోయి ఉంది. నన్ను చూడగానే పరిగెత్తుతూ వచ్చి, "పోదాం పా అన్నా, బిరీన పా" అంది. బండి విమానాశ్రయం దాటించి, దేవనహళ్ళి కూడా దాటించి, పక్కన ఆపి చెప్పాను. ఇంకెట్లా చెప్పాలో నాకు తెలియలేదు.

"మట్టి ఇచ్చేసినారమ్మా."

ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. బాగేపల్లి దగ్గర తనంతట తనే మాట్లాడింది.

టికెట్ వచ్చిందని తెలియగానే చుట్టుపక్కల ఇళ్ళల్లో పనిచేసే మా వైపు ఆడవాళ్ళందరూ వచ్చారట. అందరూ ఏడ్చారు, ఓదార్చారు, తలా ఒక పార్సెల్ చేతిలో పెట్టారు. ఒట్టి చేతిసంచితో రావలసిన మనిషికి పెద్ద పెట్టె తయారైంది. అందులో మా పక్కవీధి ఇర్ఫానా ఇచ్చిన పాలపొడి డబ్బా ఒకటి. కదిరిలో ఉన్న మొగుడు తౌసిఫ్‌కు ఇమ్మంది. బెంగళూరులో కస్టమ్స్ వాళ్ళు పెట్టెను మిషన్లో చూసి పక్కకు పెట్టించారు. డబ్బా కోస్తే పొడి అడుగున బంగారం. పొద్దు వాలేదాకా అడిగిందే అడిగి, ఆమె చెప్పిందంతా రాసుకుని, పెట్టె పట్టుకుని వదిలారట.

"పెట్టె మీరే పెట్టుకోండి సార్, నన్ను ఇడిసిపెట్టండి, మా అక్కను మట్టి చేస్తాండారు అని కాళ్ళు పట్టుకున్నా అన్నా. పెట్టె మీద నీ పేరుండాది గదమ్మా అన్నారు. ఫోను తీసి పక్కన పెట్టమన్నారు. వాళ్ళనేమంటాం. బంగారం పెట్టుకున్నోళ్ళందరూ అక్క చచ్చిందనే చెప్తారంట."

"అంత మనిషివి, డబ్బా ఇప్పి చూడకుండా ఎట్ల తెచ్చినావు?" నాకు కోపం ఆగలేదు.

"ఎప్పుడన్నా ఇప్పినామా అన్నా? నేను అక్కకు పంపిన చెప్పులు ఎవరన్నా ఇప్పి చూసినారా?" ఒళ్ళోని సంచి జిప్పు లాగి మళ్ళీ వేసింది. "ఇర్ఫానా ఏడుస్తా ఇచ్చింది డబ్బా. ఆ ఏడుపు మా అక్క కోసమనుకున్నా."

ఇంకాస్త దూరం పోయాక అజ్మత్‌తో ఫోనులో మాట్లాడి, నన్ను అడిగింది.

"అజ్మత్ నీకు వీడియో చేసినాడంట గదా. అక్క మొగం చూసినావా?"

"లేదు తల్లీ. ఫోను నువ్వుండే దిక్కు తిప్పినా."

"మంచిపని చేసినావు" అంది. అప్పుడు ఏడ్చింది. గోరంట్ల వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది, నేను బండి ఆపలేదు.

కదిరిలో ఆడవాళ్ళు ఖబరస్తాన్ లోపలికి పోరు. ఆమె ప్రహరీ పక్కన బండి మెల్లగా పోనివ్వమంది. గోడ తప్ప ఏమీ కనిపించలేదు. మూడున్నర వేల కిలోమీటర్లు దాటి వచ్చిన మనిషికి దక్కింది ఆ గోడ.

మూడో రోజు చనిపోయినామె పేరున ప్రార్థన చేసే జియారత్‌కు జనం వచ్చారు. తౌసిఫ్ కూడా వచ్చాడు, తెల్ల చొక్కా, అత్తరు. అజ్మత్‌ను కౌగిలించుకున్నాడు, అల్లా ఇచ్చినాడు, అల్లా తీసుకున్నాడు అన్నాడు. బిర్యానీ తిన్నాడు. చెయ్యి కడుక్కుని దాదాబీ దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, "అక్కా, మా ఇంటామె డబ్బా ఒకటి పంపినట్లుండాది గదా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ క్షణాన వాడి చెంప పగలగొట్టి ఉండేవాణ్ణి, చావింట్లో గొడవెందుకని దాదాబీ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడనే ఉండాది నీ డబ్బా, బెంగళూరులో. నీ పేరు కూడా వాళ్ళకు చెప్పినా. పోయి తెచ్చుకో పో" అంది.

తౌసిఫ్ ఆ పూటే ఊరు దాటాడు. మూడు వారాలకు మళ్ళీ వచ్చాడు, ఇప్పుడు బజార్లో మామూలుగానే తిరుగుతున్నాడు. అంగట్లో కూర్చుని కువైట్ ఐదు గంటలే అని చెప్తుంటాడు. వినేవాళ్ళు వింటుంటారు. ఎవరికీ సిగ్గు లేదు.

దాదాబీ మళ్ళీ పోక తప్పలేదు. మేడమ్ ఇచ్చిన సెలవు అయిపోయింది. బయలుదేరే రోజు పొద్దున నేను బండి తీసుకుని పోయేసరికి వాళ్ళ వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు, చేతుల్లో పార్సెళ్ళు. జరిగిందంతా తెలిసినవాళ్ళే. కువైట్‌లో ఉన్న కూతురికని నాగలక్ష్మమ్మ చెనిక్కాయ పొడి తెచ్చింది. అది ఒట్టి పొడేనని దాదాబీకీ తెలుసు, నాకూ తెలుసు.

"నేను ఎవరిదీ మోయనమ్మా" అంది దాదాబీ.

"పొడే గదే. ఇప్పి చూసుకో కావాలంటే."

"ఇప్పను. మోయను."

"అక్క పోతే ఇంత పొగరొస్తాదా?" అని నాగలక్ష్మమ్మ పొట్లం కొంగులో వేసుకుని వెళ్ళిపోయింది. తక్కినవాళ్ళూ సణుక్కుంటూ లేచారు. అజ్మత్ తలవంచుకుని సంచి తెచ్చి బండిలో పెట్టాడు.

దారి పొడుగునా నాకు మనసు మనసులో లేదు. ఆమె చేసింది తప్పని నేననను. కానీ ఆ కట్టుబాటు సంగతి నాకు తెలుసు, ఈ వార్త ఆమె కంటే ముందే కువైట్ చేరి ఉంటుంది. విమానాశ్రయం దగ్గర దించాక ఆగలేక అడిగేశాను.

"ఇట్ల అందరినీ కాదనుకుంటే రేపు నీ పార్సెల్ ఎవరు మోస్తారు దాదాబీ?"

ఆమె చేతిసంచి భుజానికి తగిలించుకుని నా వైపు చూసింది.

"ఎవరికి పంపాలన్నా?" అంది.

ఆమె లోపలికి పోయింది. గాజు తలుపులు మూసుకున్నాక కూడా కాసేపు అక్కడే నిలబడి, బండి తిప్పుకుని వచ్చేశాను.